గోడ నిండా అక్క నవ్వు

"తలుపు తీస్తావా, గడియ ఊడబీకమంటావా?"

బావ అరుపు వీధి చివరిదాకా వినబడి ఉంటుంది. గదిలోంచి మాత్రం ఉలుకూ లేదు, పలుకూ లేదు. నిన్న సాయంత్రం బడినుంచి వచ్చి ఆ గదిలోకి వెళ్ళిన అక్క, ఒకసారి మంచినీళ్ళకి తప్ప బయటికి రాలేదు.

"ఊడబీకండి బాబూ, మళ్ళీ బిగించుకోవలసిందీ మీరే," అంది అమ్మ వంటింట్లోంచి.

అల్లుడు లిఫ్టు మెకానిక్. పదంతస్తుల మేడల్లో తీగ పట్టుకుని వేలాడటానికి భయపడడు గానీ, పెళ్ళాం మాట్లాడకపోతే మాత్రం కాళ్ళూ చేతులూ ఆడవు. చొక్కా బొత్తాలు ఒకదానికొకటి తప్పి పెట్టుకున్నాడు. ఆ సంగతి చెప్పే ధైర్యం ఎవరికీ లేదు.

చిట్టి భోజనాల బల్ల దగ్గర లాప్‌టాప్ తెరుచుకుని కూర్చుంది. తెర మీద ఏముందో ఆమెకే తెలియదు. అక్క ఇంట్లో మకాం పెట్టి చాలాకాలమైంది. అమ్మా, తనూ, అక్కా, బావా. పెద్ద ఉద్యోగమే చేస్తున్నా ఇంట్లో అందరికీ ఇంకా చిట్టే.

ఫోను మోగింది, అక్క బడి హెడ్మిస్ట్రెస్ నుంచి. బావ ఒక్క అంగలో వెళ్ళి అందుకున్నాడు.

"ఆ, నేనేనండీ. లేదండీ, ఇంకా లేవలేదు. ఎలా లేస్తుందండీ మేడమ్? గోడ మీద తెర పెట్టి పాఠం చెబుదామని తిరిగేసరికి, పాఠాల వెబ్‌సైటులో క్లాసు పిల్లలందరి పేర్ల పక్కనుండే బొమ్మలకీ ఆమె మూతే! ఒక్కరూ ఇద్దరూ కాదు, క్లాసు క్లాసంతా! పైగా కిసకిసలు! జబ్బు చేసి ముఖం ఒక పక్కకి జారిపోతే, దాన్ని కూడగట్టుకుని బడికి వస్తున్న మనిషండీ..." అవతలి మాట విని, ఒక్కసారి గొంతు తగ్గించాడు. "దొరికిందా? ఆడపిల్లా? ఒప్పుకుందా? మంచిది. వస్తున్నాను. ఆ పిల్ల పేరు కొట్టేసి పంపించేదాకా మాత్రం అక్కణ్ణుంచి కదలను."

ఫోను పెట్టేసి తలుపు వైపు చూసి గట్టిగా అన్నాడు. "విన్నావా? దొరికింది! బడినుంచి తీసేస్తారట!"

లోపల మంచం కిర్రుమంది. అంతే.

చిట్టి లాప్‌టాప్ మూసేసింది.

మంచినీళ్ళ నెపంతో వంటింట్లోకి వెళ్ళింది. అమ్మ వీపు తిప్పుకుని గిన్నె తోముతోంది. తోమిన గిన్నెనే మళ్ళీ తోముతోంది.

"అమ్మా, ఎవరో పిల్లని తీసేస్తారట."

"విన్నాను. నాకు చెవుడు లేదు."

"ఆ పిల్ల గీయలేదమ్మా అది."

"తెలుసు," అంది అమ్మ. "ఎవరు గీశారో కూడా తెలుసు. ఒకరోజు నీకు కాఫీ తెచ్చినప్పుడు నీ తెర మీద చూశాను. 'ఇది అక్క మూతిలా ఉందేమే' అన్నాను. 'నీకన్నీ అలాగే కనబడతాయి' అన్నావు. అక్కడితో ఊరుకున్నాను చూడు, నన్ననాలి."

చిట్టి గ్లాసు గట్టు మీద పెట్టేసింది.

"చెప్పేస్తానమ్మా."

"చెప్పి?" అమ్మ ఇప్పుడు తిరిగింది. చేతులనిండా సబ్బు నురగ. "ఆ పిల్ల ఎవరో, ఎవరి కూతురో. ఇంకో బడిలో చేరుతుంది. మీరిద్దరూ ఒక కడుపున పుట్టారు. ఇంకో అక్క ఎక్కడ దొరుకుతుంది నీకు? నోరు మూసుకుని కూర్చో. కడుపు చించుకుంటే కాళ్ళ మీద పడుతుంది."

అంతలోనే ఆవిడ కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. "ఎందుకు గీశావే ముదనష్టపుదానా? లోకంలో నీకింక మూతులే దొరకలేదా?"

దానికి చిట్టి దగ్గర జవాబుంది. అందుకే సిగ్గు.

ఆమె పనల్లా బొమ్మ ముఖాలు చెయ్యడం. తమ ఫోటో పెట్టుకోవడం ఇష్టంలేనివాళ్ళు వెబ్‌సైట్లలో తమకో బొమ్మ కట్టుకుంటారు కదా. జుట్టు ఒకచోట, కళ్ళు ఒకచోట, కళ్ళజోడు, ముక్కు, మూతి, ఒంటి రంగు, ఏది కావాలంటే అది బాణం గుర్తు నొక్కి మార్చుకుంటూ. ఆ ముఖాల పెట్టె మొత్తాన్ని ఒకే ముక్కగా చేసి ఇస్తే, ఎవరి వెబ్‌సైటులో వాళ్ళు తెచ్చి అతికించుకుంటారు. చిట్టి చేసిన పెట్టెని ఎన్నో చోట్ల అతికించుకున్నారు. అక్క బడివాళ్ళు పిల్లల పాఠాల వెబ్‌సైటులో అతికించుకున్నదీ అదే. ఆ సంగతి బావకి తెలియదు.

మూతులన్నీ ముద్దుగా కుదిరిన రోజున ఆఫీసులో పెద్దాయన పెదవి విరిచాడు. "అన్నీ పంచదార చిలకల్లా ఉన్నాయి. ఒక తిక్క మూతి పడెయ్యి, చూడగానే నవ్వు రావాలి," అన్నాడు.

చిట్టి క్షణం కూడా ఆలోచించలేదు. ఎడమ కొస కిందికి, కుడి కొస పైకి, మధ్యలో పెదవి కాస్త నలిగినట్టు. చెయ్యి దానంతటదే గీసేసింది. గీయదా మరి? జబ్బు చేసిన రోజుల్లో అక్క చెంపకి పొద్దునా సాయంత్రం నూనె మర్దనా చేసింది తనే. ఆ పెదవి ఎక్కడ జారిందో, ఎంత జారిందో, నవ్వితే ఏ మూల ముడతపడుతుందో తన వేళ్ళకి తెలిసినంతగా ఇంకెవరికీ తెలియదు.

చుట్టూ చేరినవాళ్ళు పగలబడి నవ్వారు. వాళ్ళతోపాటు తనూ నవ్వింది. "ఎవరిదిది?" అని ఎవరో అడిగితే, "ఎవరిదీ కాదు" అంది.

"చిట్టీ!" బావ కేక. "నువ్వూ రా. నాకు కంప్యూటర్ భాష తెలీదు. వాళ్ళు ఏదో ఒకటి చెప్పి పిల్లని తప్పిస్తారు. నీకైతే ఇలాంటి బొమ్మల గుట్టు తెలుసు."

అమ్మ చెయ్యి తుడుచుకుని చిట్టి మణికట్టు పట్టుకుంది. గట్టిగా ఒకసారి నొక్కి వదిలేసింది.

* * *

దారిపొడుగునా బావ మాట్లాడుతూనే ఉన్నాడు.

"ఎవడో పనికిమాలినవాడు చేసుంటాడు ఆ మూతిని. వాడికి అక్క లేదు, చెల్లెలు లేదు. ఏమంటావు?"

"ఊఁ," అంది చిట్టి కిటికీలోంచి బయటికి చూస్తూ.

హెడ్మిస్ట్రెస్ గదిలో కుర్చీలు తక్కువ. "మా ఆవిడ చెల్లెలండీ," అని చిట్టికి ఒక కుర్చీ చూపించి బావ తనూ కూర్చున్నాడు. రెండు జడల పిల్ల ఒకతి సంచీని పొట్టకి హత్తుకుని గోడవారగా నిలబడి ఉంది. పక్కన బస్సు డ్రైవరు దుస్తుల్లో ఆమె తండ్రి. డ్యూటీ మధ్యలో వచ్చినట్టున్నాడు, టోపీ చేతిలో నలుగుతోంది.

"ఈ అమ్మాయేనండీ," అంది హెడ్మిస్ట్రెస్. "ముందు ఆ మూతిని తన బొమ్మకి పెట్టుకుంది. తర్వాత ఇంటింటికీ ఫోను చేసి మిగతావాళ్ళందరి చేతా పెట్టించింది. తనే ఒప్పుకుంది."

బావ ఆ పిల్లని చూశాడు. తను ఊహించుకున్న రాక్షసికీ, ఈ బక్కపల్చని పిల్లకీ పొంతన కుదరనట్టుంది. గొంతు కాస్త తగ్గింది.

"ఎందుకమ్మా అలా చేశావు? మీ టీచరు నీకేం అపకారం చేసింది?"

"టీచర్ సంతోషిస్తారనుకున్నాం అంకుల్."

"సంతోషమా?" తగ్గిన గొంతు మళ్ళీ లేచింది. "నిన్నటినుంచి ఆ మనిషి పచ్చి మంచినీళ్ళ మీద ఉందమ్మా! సంతోషమట!"

"నోర్ముయ్యవే," అన్నాడు డ్రైవరు కూతురితో. ఆ తరువాత బావ వైపు తిరిగి, టోపీతో సహా చేతులు జోడించాడు. "సార్, పొద్దున బండెక్కితే రాత్రికి దిగుతాను. పిల్లని సరిగ్గా చూసుకోలేదు. తప్పు నాది. నన్ను నాలుగు తిట్టండి, నాలుగు కొట్టండి. బడి మాత్రం మాన్పించకండి. లెక్కల్లో మొదట వస్తుందండీ. మీ ఆవిడగారు చెప్పబట్టే వస్తోంది."

జోడించిన ఆ చేతులు బావ కంటే చిట్టికే దగ్గరగా ఉన్నాయి. చూపు ఎక్కడ పెట్టుకోవాలో ఆమెకి తోచలేదు.

"అసలు ఆ మూతిని గీసింది నువ్వేనా?" హెడ్మిస్ట్రెస్ అడిగింది.

"కాదండీ. లిస్టులో ఉంది. అందులోంచి తీసుకున్నాం."

"లిస్టులో ఎవరు పెట్టారు?"

పిల్ల తలెత్తింది. అక్కడున్న ఇంతమందిలోనూ తిన్నగా చిట్టి ముఖంలోకి చూసింది. చూసి, మళ్ళీ తల దించుకుంది.

"నాకు తెలీదండీ."

చిట్టి లేచి నిలబడింది. అమ్మ నొక్కిన చోట మణికట్టు ఇంకా వెచ్చగానే ఉంది.

"మేడమ్, ఆ పిల్లకేం సంబంధం లేదు. అది... ఆ మూతి... నేను..."

"చిట్టి గీసింది."

అందరూ గుమ్మం వైపు తిరిగారు. అక్క. తల దువ్వుకుని, ఉతికిన చీర కట్టుకుని, రోజూ బడికి వచ్చినట్టే వచ్చింది. కళ్ళ కింద వాపు మాత్రం దాగలేదు. ఆటోలో తొందరపడి వచ్చినట్టుంది, ఆయాసపడుతోంది.

"నువ్వెందుకొచ్చావు? ఎలా వచ్చావు?" బావ కుర్చీ తోసేసి లేచాడు.

"పిల్లని తీసేస్తున్నారటే అని అమ్మ తలుపు దగ్గర నిలబడి ఒకటే గొడవ. నేను గడియ తీసేదాకా తలుపు కొట్టింది." అక్క లోపలికి వచ్చి రెండు జడల పిల్ల భుజం మీద చెయ్యి వేసింది. "మేడమ్, ఈ పిల్ల తప్పేం లేదు. అసలు ఆ మూతిని మొదట పెట్టుకున్నది ఇది కాదు. నేను."

"మీరా?"

"నా బొమ్మకి నేనే పెట్టుకున్నాను, ఈ ఏడు బడి తెరిచిన కొత్తల్లో. ఆ బొమ్మలు మా చెల్లెలు చేసినవని నాకు తెలుసు. ఒక్కొక్కటే మారుస్తూ పోతుంటే..." అక్క వేలితో పెదవి కొస తాకింది. "నా మూతి కనబడింది. జబ్బు చేశాక ఫోటో తీయించుకోలేదు నేను. అద్దంలో కూడా తలే దువ్వుకుంటాను గానీ ముఖం చూసుకోను. అలాంటిది అందరి మూతుల మధ్య, అన్ని నవ్వుల మధ్య, నాదీ ఒకటి పెట్టింది ఇది. నాతో ఒక్క మాట చెప్పకుండా. నా లాంటి వాళ్ళు వెతుక్కుంటే దొరకాలని. ఆ రోజు ఎంతసేపు ఏడ్చానో మా ఆయనకి కూడా తెలీదు."

అక్క రెండు జడల పిల్లని దగ్గరికి లాక్కుంది.

"ఈ పిల్లకి ఒక్కదానికే చెప్పాను, ఇది మా చెల్లి నా కోసం గీసిందీ అని. అది మనసులో పెట్టుకుని క్లాసందరి చేతా పెట్టించింది పిచ్చిది. నాకు సంతోషం కలుగుతుందనే."

"మరి నిన్న ఎందుకలా వెళ్ళిపోయారు?" అంది హెడ్మిస్ట్రెస్.

"ఒక్కదాన్నే పెట్టుకున్నప్పుడు ముద్దుగానే ఉంది మేడమ్. గోడ నిండా అదే అయ్యేసరికి తట్టుకోలేకపోయాను. వెనకనుంచి నవ్వు వినబడింది. ప్రేమతో నవ్వారో, వెక్కిరించి నవ్వారో తిరిగి చూసే ధైర్యం లేకపోయింది. పిల్లల్ని నమ్మలేకపోయాను. అందుకూ సిగ్గేసింది. తప్పు నాది."

డ్రైవరు టోపీని ముఖానికి అడ్డం పెట్టుకున్నాడు. బావ అయితే అడ్డం కూడా పెట్టుకోలేదు, ముక్కు ఎగబీలుస్తూ వచ్చి చిట్టి రెండు చేతులూ పట్టుకున్నాడు.

"ఒక్క మాట చెప్పవేం? దారంతా నేను ఆ గీసినవాణ్ణి నానా మాటలూ అంటుంటే కుక్కిన పేనులా కూర్చున్నావే! ఏదో చెప్పుకోవడం ఇష్టంలేక... ఎంత మనసు నీది!"

"కాదు బావా, నేను..."

"ఇక నువ్వేం మాట్లాడకు. మొద్దుని, నన్ననాలి."

హెడ్మిస్ట్రెస్ కూడా లేచి వచ్చింది. "మీరొకసారి మా పిల్లలందరి ముందూ మాట్లాడాలి. ఒక ముఖంలో లోపమనుకున్నదాన్ని ఎలా చూడాలో మీ చేత చెప్పించాలి. మీ ఆఫీసువాళ్ళకి కూడా ఉత్తరం రాస్తాను."

ఒక్కొక్క పొగడ్తా ఒక్కొక్క చెంపదెబ్బ. తిట్టుంటే హాయిగా ఉండేది. తిట్టు తన కొలతకి సరిపోయేది. ఈ మెప్పు ఎవరిదో చొక్కాలా ఒంటిమీద వేలాడుతోంది, విప్పి ఇవ్వడానికి చేతులు రావడం లేదు. అక్క వైపు చూసింది. అక్క నవ్వుతోంది, చాలాకాలానికి, పదిమంది మధ్య, చెయ్యి అడ్డం పెట్టుకోకుండా.

ఆ నవ్వు చూశాక చిట్టి చేతులు విడిపించుకుని మళ్ళీ కుర్చీలో కూర్చుంది.

* * *

సంతకాలూ మన్నింపులూ అయ్యాయి. డ్రైవరు బావ చేతులు ఊపి ఊపి వదిలి బస్సుకి పరుగెత్తాడు. బావ బండి తీయడానికి వెళ్ళాడు. అక్క లోపలే హెడ్మిస్ట్రెస్‌తో ఏదో మాట్లాడుతోంది.

వరండాలో చిట్టి ఒక్కతే స్తంభానికి ఆనుకుని నిలబడింది. రెండు జడల పిల్ల తరగతికి వెళుతూ వెళుతూ ఆగింది. అటూ ఇటూ చూసి దగ్గరికి వచ్చింది.

"అక్కా, ఒక మాట చెప్పనా?"

"చెప్పు."

"నిన్న మేడమ్ మా క్లాసందరినీ దొంగల్లా నిలబెట్టారు కదా. ఆ మూతి మేం గీయలేదని చూపిద్దామని, ఎవరు గీశారో ఇంటికెళ్ళి వెతికాను. పేజీ లోపల రాసి ఉన్నదంతా ఎలా తెరవాలో మాకు కంప్యూటర్ క్లాసులో చెప్పారు. మీ పేరు ఉంది. టీచర్ చెప్పిన పేరే. ఇంటిపేరు కూడా టీచర్‌దే." పిల్ల సంచీ పట్టీని వేలికి చుట్టుకుంటోంది. "ఒక్కొక్క మూతికీ లోపల ఒక పేరు పెట్టి ఉంది కదా అక్కా."

చిట్టి స్తంభాన్ని వదిలి నిటారుగా నిలబడింది.

పేర్లు అన్నింటికీ ఉన్నాయి. చిరునవ్వు, గట్టినవ్వు, అలక, ఆశ్చర్యం. పైకి ఎవరికీ కనబడనివి, పనిచేసేవాళ్ళు గుర్తుపెట్టుకోవడానికి రాసుకునేవి. ఆ మూతికి కూడా ఒకటి రాసింది. ఆఫీసులో నవ్వులు ఇంకా ఆరకముందే, ఆ ఊపులో, ఇంగ్లీషు అక్షరాల్లో తనే టైపు చేసింది. తరువాత మార్చాలనుకుంది. మార్చలేదు.

"చూశావా?"

"చూశాను."

"మరి లోపల అడిగినప్పుడు చెప్పలేదేం? చెప్పుంటే నిన్నెవరూ ఏమీ అనేవాళ్ళు కాదుగా. మీ నాన్న అంతమంది ముందు అలా..."

ఆ పిల్ల ఇది కూడా చెప్పాలా అన్నట్టు చూసింది.

"చెబితే టీచర్‌కి తెలిసిపోతుంది కదక్కా," అంది. "నేనెవరికీ చెప్పను. మీరు ఆ పేరు మార్చెయ్యండి, చాలు."

జడలు ఎగురుతుండగా తరగతి వైపు పరుగెత్తింది. చిట్టి ఆ వరండాలో పాతాళంలోకి దిగబడిపోయినట్టు నిలబడింది. తన కడుపున పుట్టే వయసున్న పిల్ల, తన పరువు కాచి వెళ్ళింది. తండ్రి చేతులు జోడించడం కళ్ళారా చూస్తూ, నోరు విప్పితే తప్పించుకోగలిగి ఉండీ, విప్పలేదు.

"ఏమంటోందే అది నీతో?"

అక్క బయటికి వచ్చింది. చిట్టి భుజం మీద చెయ్యి వేసింది. ముఖంలో ఇంకా ఇందాకటి వెలుగే.

ఏమీ లేదక్కా అంటే సరిపోతుంది. థాంక్స్ చెప్పింది అంటే ఇంకా బాగుంటుంది. ఇంటికి వెళ్ళి పేరు మార్చేస్తే ఆనవాలే ఉండదు. అమ్మ చెప్పదు, ఆ పిల్ల చెప్పదు. అక్క ఈ నవ్వుతోనే ఉంటుంది.

అక్క ఈ నవ్వుతో ఉంటుంది. రోజూ బల్లకి అటువైపు కూర్చుని, 'నా కోసం గీసింది' అనుకుంటూ తన కంచంలో వడ్డిస్తుంది. వడ్డించినన్నాళ్ళూ తను తినాలి.

"అక్కా," అంది చిట్టి. "అది నీ కోసం గీయలేదు."

అక్కకి వెంటనే అర్థం కాలేదు. నవ్వు అలాగే ఉంది. "ఏది?"

"ఆ మూతి. ఆఫీసులో నవ్వు పుట్టించేది ఒకటి గీయమన్నారు. నాకు నీది గుర్తొచ్చింది. గీశాను. అందరూ నవ్వారు."

"నువ్వు?"

"నేనూ నవ్వాను."

భుజం మీది చెయ్యి కదల్లేదు. బరువు మాత్రం తగ్గింది, అక్కడ పెట్టిన మనిషి దాన్ని మరిచిపోయినట్టు.

"ఆ పిల్లకి తెలుసా?"

"తెలుసు. లోపల పేరు చూసింది."

"దానికి పేరు కూడానా?" అంది అక్క. చాలా నెమ్మదిగా అంది. లెక్క తప్పు చేసిన పిల్లని ఏ మెట్టు దగ్గర తప్పావో చెప్పు అని అడిగే గొంతు అది. "ఏం పేరు?"

"అక్కా, వద్దు."

"ఏం పేరే?"

"వంకరమ్మ," అంది చిట్టి.

అక్క చెయ్యి భుజం మీదినుంచి జారిపోయింది.

అప్పుడే గంట కొట్టారు. తరగతుల తలుపులన్నీ ఒక్కసారిగా తెరుచుకుని పిల్లలు వరండా నిండా పొంగిపొర్లారు. "టీచర్ వచ్చారు! టీచర్ వచ్చారు!" అని ఎవరో అరిచారు. చూస్తుండగానే అక్క చుట్టూ కోటకట్టేశారు. "మీకు కోపమొచ్చిందా టీచర్?" "నచ్చలేదా టీచర్?" "తీసెయ్యమంటారా టీచర్?" ఒకరు చెయ్యి లాగుతున్నారు, ఒకరు కొంగు లాగుతున్నారు.

అక్క వాళ్ళ తలల మీదుగా చిట్టినే చూస్తోంది. ఆ ముఖంలో కోపం లేదు, ఏడుపు లేదు. పరిచయం లేని మనిషిని ఎక్కడో చూసినట్టుందే అని పోల్చుకుంటున్నట్టు ఉంది.

"నువ్వు ఇంటికి వెళ్ళు," అంది చివరికి. "నేను వచ్చేసరికి..."

పిల్లలు ఆమెని తరగతిలోకి లాక్కుపోయారు. మిగతా మాట ఆ గోలలో కలిసిపోయింది. ఇంట్లో ఉండమందో, ఉండొద్దందో చిట్టికి వినబడలేదు.